కడుపులో గడియారం

కనపడనిదాన్ని కనీసం వినైనా తెలుసుకోవాలని మనిషికి ఎంత ఆరాటమో, కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే తెలుస్తుంది. అయిదో నెల దాటిందంటే అందరి చూపూ ఆ పిల్ల పొట్టమీదే. "కదిలిందా?" అని అత్తగారు, "తన్నిందా?" అని అమ్మ. మొగుడు ఏమీ అడగడు గాని చెవులు మాత్రం ఇటే వేసి ఉంచుతాడు. పూర్వం ఈ ఆరాటం ప్రశ్నలతో ఆగిపోయేది. ఇప్పుడు ఆగడం లేదు. చేతిలో ఇమిడే చిన్న యంత్రం ఒకటి వచ్చింది. డాప్లర్ అంటారు. ఫోన్లో నొక్కితే ఇంటికే తెచ్చి ఇస్తారు. పొట్టకు కాస్త జెల్లీ రాసి ఆనిస్తే లోపలి గుండె చప్పుడు గదంతా వినిపిస్తుంది.

మా చెల్లెలి కూతురికి ఇప్పుడు ఆరో నెల. "పెద్దమ్మా, మా ఊరి నర్సు గొట్టం పెట్టి వింటుంది. పట్నం ఆసుపత్రిలో బెల్టులు కట్టి కాగితం తీస్తారట. ఈయనేమో డాప్లర్ కొందామంటున్నారు. ఇందులో ఏది మంచిది?" అని అడిగింది. అడిగింది ఒక్క ముక్కే గాని, దాని వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది. ఆ కథ తెలిస్తే జవాబు సగం దొరికినట్టే.

మాది చెవిటికల్లు. కంచికచర్ల దగ్గర. అప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. పేరు చెప్పగానే కొత్తవాళ్లు "మీ ఊళ్లో అందరికీ చెవుడా ఏమిటండీ?" అని నవ్వుతారు. వినికిడి గురించి రాయడానికి ఆ ఊరి మనిషే దొరికిందా అని మీకూ నవ్వు రావచ్చు. నవ్వండి, ఫరవాలేదు. నందిగామ, జగ్గయ్యపేట వైపు మా మెట్ట పల్లెల్లో అమ్మమ్మల నాటి పురుళ్లు మంత్రసాని చేతుల మీదే జరిగాయి. ఆవిడ వినేది కాదు, తడిమేది. తల ఎటుందో, వీపు ఎటుందో వేళ్లతో చెప్పేది. లోపల గుండె చప్పుడు వినవచ్చని ఆవిడకు ఎవరూ నేర్పలేదు. బిడ్డ బాగున్నాడా లేదా తెలుసుకోవడానికి ఆవిడకున్న దారి ఒక్కటే, తల్లిని అడగడం. "కదులుతున్నాడా అమ్మా?" ఈ ప్రశ్నను కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి రావాలి.

గుండె చప్పుడు వినే పరికరం ఆడదాని సిగ్గువల్ల పుట్టిందంటే నమ్ముతారా? 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరుగారి దగ్గరికి గుండెజబ్బుతో ఒక యువతి వచ్చింది. ఆ రోజుల్లో డాక్టర్లు గుండె వినాలంటే రోగి రొమ్ముమీద చెవి ఆనించేవారు. వయసులో ఉన్న ఆడపిల్ల, పైగా కాస్త బొద్దు మనిషి. చెవి ఆనించడం మర్యాద కాదని తోచి, ఆయన కాగితాలను గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె రొమ్మున, ఒక కొస తన చెవిన పెట్టుకున్నాడు. చెవి ఆనించినప్పటికంటే స్పష్టంగా వినిపించింది! ఆ కాగితం చుట్టే తర్వాత కొయ్య గొట్టమైంది, స్టెతస్కోపు అయింది.

రెండేళ్ల తర్వాత, 1818లో, జెనీవాలో మేయర్ అనే సర్జన్ ఒక గర్భిణి పొట్టమీద చెవి పెట్టి బిడ్డ గుండెను విన్నాడు. లోపలి బిడ్డ ప్రాణంతో ఉందో లేదో ఇలా చెప్పవచ్చని ప్రకటించాడు. 1821లో లెనెక్‌గారి స్నేహితుడు కెర్గరాదెక్ వంతు వచ్చింది. ఆయన వినాలనుకున్నది గుండెను కాదు. బిడ్డ కదిలినప్పుడు ఉమ్మనీరు చేసే సవ్వడి వినిపిస్తుందేమోనని గొట్టం పెట్టాడు. నీళ్ల చప్పుడుకు బదులు జేబుగడియారంలా టిక్కుటిక్కుమని వినిపించింది. తల్లి మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. రెండూ కలవలేదు. ఇది వేరే గుండె! ఆ డిసెంబరు 26న పారిస్ వైద్య అకాడమీలో ఈ సంగతి చదివి వినిపించాడు. బిడ్డ బతికున్నదా, ఎలా పడుకుంది, ఒకరా ఇద్దరా అన్నవన్నీ ఇలా తెలుసుకోవచ్చని అప్పుడే చెప్పాడు. తల్లి నాడిని పక్కనే చూసుకోవాలన్న ఆ జాగ్రత్త ఎంత గొప్పదో ముందు ముందు మీకే తెలుస్తుంది.

1833లో డబ్లిన్‌లో ఎవరీ కెనెడీ దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. 1895లో పారిస్‌లో అడాల్ఫ్ పినార్ ఈ పనికి ప్రత్యేకంగా ఒక గొట్టం చేశాడు. జానెడు పొడుగు, ఒక కొస గరాటులా విప్పారి ఉంటుంది, రెండో కొస చెవికి ఆనేలా బిళ్లలా ఉంటుంది. కొయ్యతో చేసినవీ ఉన్నాయి, అల్యూమినియంవీ ఉన్నాయి. బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, కింద పడ్డా చెడిపోదు. మన సబ్‌సెంటర్ నర్సమ్మ సంచీలో ఉన్నది దీని మనవరాలే. అయిదు, ఆరు నెలలు వచ్చాక దీనితో చప్పుడు బాగా అందుతుంది. ఒకే ఒక లోపం, వినేది ఒక్కరే. నర్సమ్మ తల వంచి వింటుంటే, తల్లి ఆవిడ మొహంలోకి చూస్తూ పడుకోవాలి. ఆవిడ నవ్వేదాకా తల్లికి ప్రాణం కుదుటపడదు.

పారిస్ చప్పుడు మన దాకా ఎలా వచ్చిందంటారా? మద్రాసులో ఆడవాళ్లకోసం ఎగ్మోరు ఆసుపత్రి 1844లోనే మొదలైంది. 1887 అక్టోబరు 14న మన కర్నూల్లో ఒక తల్లికి కవలలు పుట్టారు. ఒకరు రామస్వామి, ఇంకొకరు లక్ష్మణస్వామి. ఇంటిపేరు ఆర్కాటు, మొదలియార్లు. అన్నగారు రాజకీయాల్లో పేరు తెచ్చుకున్నారు. తమ్ముడు లక్ష్మణస్వామిగారు ఎగ్మోరు ఆసుపత్రికి సూపరింటెండెంట్ అయిన మొదటి భారతీయుడు. 1938లో వచ్చిన ఆయన ప్రసూతి వైద్య గ్రంథం చదువుకునే దక్షిణాదిలో తరతరాల డాక్టర్లు పురుడు పోయడం నేర్చుకున్నారు. రెండు గుండెలు కొట్టుకున్న కడుపులోంచి వచ్చినాయనే, కడుపులో గుండెను ఎలా వినాలో మనవాళ్లకు నేర్పాడన్నమాట!

ఇక మావైపు సంగతి. కృష్ణ దాటితే గుంటూరు. అక్కడ అమెరికా నుంచి వచ్చిన అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1898లో ఆడవాళ్లకు ఆసుపత్రి తెరిచింది. మా నందిగామ, జగ్గయ్యపేటల దగ్గరే పెనుగంచిప్రోలు ఉంది. భండారు అచ్చమాంబగారు పుట్టిన ఊరు. మన దేశపు స్త్రీల చరిత్రలు ఏరి కూర్చి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసిన ఆవిడ. కన్న బిడ్డలిద్దరూ పోయారు. ఆవిడ కూడా 1905లో, ముప్ఫయ్యేళ్లు దాటీ దాటకుండానే వెళ్లిపోయింది. మరుసటేడు తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారికి కూతురు పుట్టింది. ఆ పిల్లా అచ్చమాంబే. మేనత్త ఆడవాళ్ల కథలు రాస్తే, మేనకోడలు ఆడవాళ్లకు పురుళ్లు పోసింది. విజయవాడలో పేరుపడ్డ డాక్టరైంది, 1957లో లోక్‌సభకు వెళ్లింది. "ప్రసూతి - శిశుపోషణ" అని తెలుగులో పుస్తకం రాసింది. డాక్టరుకు తెలిసింది తల్లికీ తెలియాలని ఆవిడ అనుకున్నందుకు నాకు ఆవిడంటే గౌరవం. ఇవాళ మనకు కావలసింది కూడా అదే.

ఇక యంత్రాల కథ. 1842లో డాప్లర్ అనే పంతులుగారు ప్రేగ్‌లో నక్షత్రాల రంగుల గురించి ఒక సూత్రం చెప్పాడు. దగ్గరికి వస్తున్నదాని చప్పుడు హెచ్చు స్థాయిలో, దూరమవుతున్నదాని చప్పుడు తగ్గు స్థాయిలో వినిపిస్తుందన్నది దాని సారం. నిజమో కాదో తేల్చడానికి 1845లో హాలెండులో ఒకాయన రైలుమీద బాకాలు ఊదేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన చెవి బాగా తెలిసిన సంగీతం వాళ్లను నిలబెట్టాడు. నిజమే అని తేలింది. మనం రోజూ వింటూనే ఉన్నాం, రైలు స్టేషను దాటిపోయేటప్పుడు కూత స్థాయి దిగిపోతుంది కదా! పొట్టలోకి మన చెవికి అందని ధ్వనిని పంపితే, కొట్టుకునే గుండెకు తగిలి తిరిగొచ్చేటప్పుడు దాని స్థాయి మారుతుంది. ఆ మార్పునే యంత్రం చప్పుడుగా వినిపిస్తుంది. 1964లో ఇలా కడుపులో బిడ్డ గుండెను పట్టుకున్నారు. మూడో నెల నిండేసరికే అందుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తల్లి కూడా వినవచ్చు.

ఇంకో దారి బెల్టుల యంత్రం. సీటీజీ అంటారు. 1958లో అమెరికాలో ఎడ్వర్డ్ హాన్ అనే డాక్టరు బిడ్డ గుండె వేగాన్ని ఆపకుండా గీతగా గీయించే పద్ధతి చూపించాడు. 1968 నాటికి ఈ యంత్రాలు బజారులోకి వచ్చాయి. పొట్టకు రెండు బెల్టులు కడతారు. ఒకటి గుండెను, ఒకటి నొప్పిని కనిపెడతాయి. కాగితంమీద రెండు గీతలు పడుతూ ఉంటాయి. అదే ఏడాది అమెరికాలో సుమారు 25 వేల కాన్పుల లెక్కలు తీసి, అప్పుడప్పుడు గొట్టంతో వినడంవల్ల, మరీ విషమిస్తే తప్ప, బిడ్డ ఇబ్బందిని పట్టుకోలేకపోతున్నారని తేల్చారు. డాక్టర్లు యంత్రంమీద ఎంత ఆశ పెట్టుకున్నారో ఊహించుకోండి. క్షణం విడవకుండా వింటే ఇక ఏ బిడ్డా దక్కకుండా పోదనుకున్నారు.

ఆ ఆశను పరీక్షకు పెట్టింది డబ్లిన్ ఊరే. 12,964 మంది తల్లులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు యంత్రం. రెండో జట్టుకు నర్సు, ఆవిడ చేతిలో పినార్ గొట్టం, పావుగంటకోసారి వినడం. 1985లో ఫలితం వచ్చింది. పోయిన బిడ్డలు ఈ జట్టులో 14 మంది, ఆ జట్టులోనూ 14 మందే. పుట్టగానే ఫిట్స్ వచ్చిన పిల్లలు మాత్రం యంత్రం జట్టులో సగమే. అది చిన్న లాభం కాదు. కాని ఆ పిల్లలను నాలుగేళ్లు వచ్చాక మళ్లీ చూస్తే, మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా రాని పిల్లలు రెండు జట్లలోనూ ఒకే తీరుగా ఉన్నారు. ఇలాంటి పరీక్షలు 13 కలిపి, 37 వేల పైచిలుకు తల్లుల లెక్కలు చూసినా అదే తేలింది. ఫిట్స్ తగ్గాయి, మరణాలు తగ్గలేదు. సిజేరియన్లు మాత్రం నూటికి అరవైకి పైగా పెరిగాయి. అంటే వంద జరిగేచోట నూట అరవై.

ఎందుకంటారా? నొప్పి వచ్చినప్పుడు బాగున్న బిడ్డ గుండె కూడా కాస్త తగ్గి మళ్లీ లేస్తుంది. అప్పుడప్పుడు వినే చెవి దాన్ని దాటిపోతుంది. కాగితం దాటిపోదు, ప్రతి దిగుడునూ గీసి పెడుతుంది. గీత చూసిన డాక్టరుకు భయం, డాక్టరు మొహం చూసిన మనకు భయం. "ఎందుకొచ్చిన గొడవ, కోసేయండి" అంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తంమీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లయితే, ఆంధ్రలో 42.4, తెలంగాణలో 60.7. ఈ నేరమంతా యంత్రం నెత్తిన వేయడం న్యాయం కాదు. ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకునేవాళ్లు మనలోనే ఉన్నారు. నొప్పులు పడలేమనే భయం ఉంది, ఆసుపత్రుల లెక్కలు ఆసుపత్రులకున్నాయి. కాని చేతిలో భయపెట్టే కాగితం కూడా ఉంటే ఆ దారి ఇంకా నున్నగా ఉంటుంది.

మరి ఏది మంచిది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పినదాని ప్రకారం, ఏ ఇబ్బందీ లేని తల్లికి కాన్పు నొప్పుల్లో బెల్టులు కట్టి ఉంచనక్కర్లేదు. గొట్టమైనా సరే, చేతి డాప్లరైనా సరే, నొప్పులు ఊపందుకున్నాక పావుగంట నుంచి అరగంటకోసారి, బిడ్డను తోసే సమయంలో అయిదు నిమిషాలకోసారి వినాలి. విన్నప్పుడల్లా కనీసం ఒక నిండు నిమిషం వినాలి. నొప్పి ఉండగా మొదలుపెట్టి, తగ్గాక కూడా అర నిమిషం వినాలి. తల్లి నాడి కూడా చూసుకోవాలి. నిమిషానికి 110 నుంచి 160 మధ్య కొట్టుకుంటుంటే బాగున్నట్టు. బి.పి., షుగరు ఉన్నా, బిడ్డ ఎదుగుదల తక్కువున్నా, ముందు కాన్పు ఆపరేషనైనా, నెలలు నిండకుండా నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పచ్చగా పోయినా, రక్తం పోతున్నా, నొప్పులకు సెలైన్లో మందు పెట్టినా సంగతి వేరు. అప్పుడు డాక్టరు బెల్టులు కడతానంటే వద్దనకండి. యంత్రం పుట్టిందే అలాంటి రోజుకోసం.

ఇందులో అసలు మెలిక ఒకటుంది. డబ్లిన్‌లో గొట్టం గెలిచింది ఊరికే కాదు, గొట్టం వెనక ఒక మనిషి ఉంది. పావుగంట తప్పకుండా వచ్చి, పక్కన కూర్చుని, నిమిషం నిండా విని, తేడా వస్తే పరుగెత్తే మనిషి. నలుగురు తల్లులకు ఒక్క నర్సే ఉన్నచోట ఆ పావుగంట గంట అవుతుంది, గొట్టం మేకుకు వేలాడుతూ ఉంటుంది. బెల్టు కట్టినచోట మాత్రం? గీత చూసేవాళ్లు లేకపోతే అది కాగితం దండగ. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాదు ఫెర్నాండెజ్ సంస్థ కలిసి కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. పద్దెనిమిది నెలల చదువు. మన మంత్రసాని చేతికి చెవిని, చదువును జోడించడమే అది. అందుకే ఆసుపత్రికి వెళ్లినప్పుడు "మీ దగ్గర ఏ యంత్రం ఉంది?" అని అడిగేముందు "నొప్పుల్లో నా పక్కన ఎవరుంటారు, ఎంతసేపటికోసారి వింటారు?" అని అడగండి. ఇది అడిగితే ఎవరూ మర్యాద తప్పారనరు.

ఇక ఇంట్లో డాప్లర్. 2009లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన సంగతి చెబుతాను. ముప్ఫై నాలుగేళ్ల తల్లికి 38 వారాలు. బిడ్డ కదలికలు తగ్గాయి. ఇంట్లో యంత్రం ఉంది కదా అని పెట్టి చూసుకుంది. టకటకమని వినిపించింది. హమ్మయ్య అనుకుని, ఆసుపత్రికి వెంటనే వెళ్లలేదు. వెళ్లేసరికి బిడ్డ లేదు. ఆమె విన్నది తన రక్తనాళంలో చప్పుడో, మాయలో రక్తం పారే చప్పుడో అయి ఉంటుందని డాక్టర్లు రాశారు. రెండు వందల ఏళ్లనాడు కెర్గరాదెక్ మణికట్టు ఎందుకు పట్టుకున్నాడో చూశారా? యంత్రం చప్పుడు చేస్తుంది గాని, అది ఎవరి చప్పుడో చెప్పదు. ఒకవేళ బిడ్డదే అయినా, ఆ నిమిషానికి గుండె ఉందని చెబుతుందే తప్ప, బిడ్డ క్షేమంగా ఉందని చెప్పదు. దీనికి తోడు, వేగంగా కొట్టుకుంటే ఆడపిల్ల, నెమ్మదిగా అయితే మగపిల్లాడు అని లెక్కలు కట్టే పెద్దలు ఇంకా ఉన్నారు. అది ఉత్త మాట. కడుపులో ఆడా మగా చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం కూడాను. మా పిల్లకు నేను చెప్పిన సలహా, ఆ డబ్బుతో మంచి పళ్లు కొనుక్కోమని.

మంత్రసాని ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. "కదులుతున్నాడా అమ్మా?" 1976లో ఇంగ్లండు పక్కన వేల్స్ దేశపు కార్డిఫ్‌లో డాక్టర్లు ఇదే ప్రశ్నకు లెక్క జోడించారు. రోజూ పది కదలికలు లెక్కపెట్టి ఎంతసేపట్లో వచ్చాయో కాగితంమీద గుర్తు వేయమన్నారు. తర్వాతి పరీక్షల్లో అంకెలు లెక్కపెట్టడంవల్లనే ప్రాణాలు దక్కాయని తేలలేదు. కాని తల్లికి తన బిడ్డ వాలకం తెలిసి ఉండటం, అది మారినా, మందగించినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లడం అందరు డాక్టర్లూ ఒప్పుకునే మాట. "నెలలు నిండాయిగా, లోపల జాగా చాలక కదలడంలేదు" అంటారు మన పెద్దవాళ్లు. అది నిజం కాదు. తీరు మారవచ్చు గాని, కదలిక తగ్గకూడదు. తీపి తిని చూద్దాం, పొద్దున్న చూద్దాం అని రాత్రంతా గడపకండి. ఆటో మాట్లాడుకుని వెళ్లండి. ఏమీ లేదని పంపేస్తే నవ్వుకుంటూ తిరిగి రండి. ఆటో డబ్బులే కదా పోయేది!

గొట్టం, డాప్లరు, బెల్టులు అన్నీ బయటివాళ్లు లోపలి మనిషిని వినడానికి చేసుకున్న ఏర్పాట్లు. లోపలి మనిషి కబురు మొదట అందేది తల్లికే. ఆ కబురు ఆమె చెప్పినప్పుడు "నీ మొహం, నీకన్నీ అనుమానాలే" అని కొట్టిపారేసే ఇల్లున్నంతకాలం, ఎన్ని యంత్రాలున్నా మనం చెవిటివాళ్లమే. పుట్టాక ఆ బిడ్డ ఏడుపు వినడానికి ఎవరికీ ఏ గొట్టమూ అక్కర్లేదు, నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది. అంతదాకా ఆ బిడ్డ తరఫున మాట్లాడేది తల్లి ఒక్కతే. ఆమె మాటకు చెవి ఒగ్గండి చాలు.